నీరు గీసిన ఆకు

మా జూనియర్ కాలేజీ ల్యాబులో, మూడో అరలో,
ఫార్మలిన్ సీసాల వెనక
అరచెయ్యంత రాయి ఒకటుంది.
గోధుమరంగు పలక మీద నల్లటి ఫెర్ను కొమ్మ,
ఈనెలతో సహా.
'శిలాజము, గర్భాం' అని
నాకు ముందు పనిచేసినవాళ్ళెవరో అంటించిన చీటీ.
అది అబద్ధం.
పద్దెనిమిదేళ్ళుగా నేను దాన్ని పీకలేదు.

కథ చెప్పింది అటెండరు గురువులు,
కరెంటు పోయిన ఒక మధ్యాహ్నం
కప్పల ట్రే కడుగుతూ.

అతని ముత్తాత లెంక అసిరయ్య.
మాంగనీసు గోతులు ఇంకా మోకాలి లోతున్న రోజుల్లో
కలకత్తా నుంచి కుముద్ బాబు దిగాడట
చీపురుపల్లి స్టేషన్లో,
గొడుగుతో, సుత్తితో, భూతద్దంతో, పొడి దగ్గుతో.
దిగుతూనే అడిగింది మంచినీళ్ళు కాదు,
ఈ రాళ్ళలో గవ్వలు దొరుకుతాయా అని.
"గవ్వలు కోనాడ సముద్రం కాడుంటాయి బావూ,
కొండ మీదేటుంటాయి?"

కూలి రోజుకి మూడణాలు.
గర్భాం నుంచి గరివిడికి, గరివిడి నుంచి కోడూరుకి
చోడిచేల గట్ల మీద రాళ్ళగంప నడిచింది.
ఎదురైనవాళ్ళు ఊరుకుంటారా,
"ఏటి అసిరీ, ఈ యేడు రాళ్ళు పండేయా?"

బాబు రాయి కొట్టేవాడు,
తడిపి చూసేవాడు, నాలిక ఆనించేవాడు,
తల ఊపి తన భాషలో అనేవాడు: "నేయి."
లేదు అని.
అసిరయ్యకి అది నెయ్యి అని వినబడింది.
రాత్రి ఇంటికెళ్ళి పెళ్ళాంతో చెప్పాడు,
"పిచ్చి బాబు. రాళ్ళలో నెయ్యి ఎతుకుతున్నాడే."

వాన వెలిసిన ఒక పొద్దున
గోతి అంచున రాయి జారి రెండు పలకలైంది.
లోపల ఆకు.
అసిరయ్య గంప అక్కడే వదిలేసి
డేరా దాకా పరిగెత్తాడు,
దొంగని పట్టుకున్నవాడిలా రాయిని రెండు చేతులా పట్టుకుని.

ఆ రాత్రి లాంతరు ఆరలేదు.
"మా ముత్తాత బయట కూకొని
బాబు దగ్గు ఇనేవోడట,
దగ్గు ఆగితే ఆకు దొరికినట్టేనని."
దగ్గు ఆగలేదు.

తెల్లారాక బాబు బయటికొచ్చాడు.
ఆకు కాదు అసిరయ్యా, అన్నాడు,
ఎప్పుడో పగుల్లోకి నల్లనీరు దిగింది,
దిగుతూ దిగుతూ కొమ్మలేసింది.
ఈ కొండ పుట్టేనాటికి
ఆకు లేదు, చేప లేదు, పురుగన్నా లేదు.
ఇక్కడ ఎముక దొరకదు.
ఎముక మిగలాలంటే ముందు ఎవరో ఒకరు చావాలి,
చావాలంటే బతకాలి కదా.

అసిరయ్య బొటనవేలితో నేల గీకుతూ
చాలాసేపు నిలబడ్డాడు.
"ఆకే లేకపోతే బావూ,
ఆ నీరు ఆకుని ఎక్కడ సూసింది?"

"బాబు ఏమన్నాడు?" అని నేను.
"ఏటంటాడు మేడమ్,
ఆ రోజు ఒక అణా ఎక్కువిచ్చాడు."

మిగతా రాళ్ళు పెట్టెలెక్కి కలకత్తా వెళ్ళాయి.
ఇది అసిరయ్య ఇంట్లో
అంబలి కుండ మూత మీద బరువై కూర్చుంది,
గురువులు ఉద్యోగంలో చేరిన ఏడు
సంచిలో కూరగాయలతో పాటు ఇక్కడికొచ్చింది.

ఫెర్నుల పాఠం రోజున బెంచీల మీదుగా దీన్ని పంపుతాను.
ఏమిటిది? ఫెర్ను మేడమ్.
ఏటా ఇదే జవాబు, ఒకే గొంతుతో.
ఈసారి చివరి బెంచీ నుంచి గరివిడి పిల్ల,
కొలిమి పనివాడి కూతురు,
రాయిని అటూ ఇటూ తిప్పి
"దీనికి వేరు లేదు మేడమ్," అంది,
ఎవరో ఏదో దాచారన్నట్టు నా వైపు చూస్తూ.

చీటీ ఒక మూల ఊడింది.
గురువులు జిగురు సీసా తెచ్చి నిలబడ్డాడు.
అంటించమనలేదు నేను.
వద్దనీ అనలేదు.